బుడమేరు నీళ్లు, బావమరిది ఇల్లు: ఇన్సూరెన్స్ దండగేనా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. కింద జిరాక్స్, స్టేషనరీ షాపు, పైన ఇల్లు. రెండూ సొంతమే. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు షాపులో ఛాతీ లోతు నీళ్లు నిలిచాయి. రెండు జిరాక్స్ మెషీన్లు, స్టాకు పోయాయి. షాపుకి ఇన్సూరెన్స్ లేదు. కారుకి ఉంది గానీ ఇంజిన్‌కి డబ్బు రాదన్నారు. వచ్చే నెలాఖరుకి అమ్మానాన్నల హెల్త్ పాలసీ రెన్యూవల్. తొమ్మిదేళ్లలో ఒక్క క్లెయిమ్ చేయలేదు, అయినా పోయినేడాది మార్చిలో కట్టినదాని కంటే ఎక్కువే అడుగుతున్నారు. కాలిఫోర్నియాలో ఉన్న మా బావమరిదికి ఇంటి పాలసీ ఇక రెన్యూ చేయబోమని ఉత్తరం వచ్చింది. మా అమ్మాయేమో యాప్‌లో చవగ్గా వస్తోంది, ఈ పాత పాలసీలు తీసేయమంటోంది. ప్రపంచమంతా ఇన్సూరెన్స్ మారిపోతోందంటున్నారు. ఇదంతా దండగేనా? ఏది ఉంచుకోవాలి, ఏది వదిలేయాలి?
(పేరు వద్దన్నారు, విజయవాడ)

సమాధానం: దండగ కాదండీ. మీ ఉత్తరంలో నన్ను ఆపింది హెల్త్ ప్రీమియమూ కాదు, కాలిఫోర్నియా కబురూ కాదు. ‘షాపుకి ఇన్సూరెన్స్ లేదు’ అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్లిపోయారే, అదీ. మీ ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతున్నది ఆ షాపు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు మీ బావమరిది సంగతి చూద్దాం. మనకి రేపు రాబోయేది అతనికి నిన్ననే వచ్చింది.

2023 మే నెలలో స్టేట్ ఫార్మ్ అనే పెద్ద కంపెనీ కాలిఫోర్నియాలో కొత్తగా ఇంటి పాలసీలు ఇవ్వడం ఆపేసింది. మరుసటి ఏడాది ఉన్నవాటిలో 72 వేల పాలసీలు రెన్యూ చేయబోమంది. కార్చిచ్చులు, ఇల్లు తిరిగి కట్టే ఖర్చు, రీఇన్సూరెన్స్ ధర, ఈ మూడూ కారణాలంది. ఆ తర్వాత 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల రెండు మంటల్లోనే 16 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. ఏ కంపెనీ ఇవ్వనివాళ్లకి చివరి దిక్కుగా అక్కడ ‘ఫెయిర్ ప్లాన్’ అని ఒకటుంది. మంటల తర్వాత దాని దగ్గర డబ్బు చాలక మిగతా కంపెనీలన్నీ కలిసి వంద కోట్ల డాలర్లు వేసుకోవాల్సి వచ్చింది. అందులో కొంత పాలసీదారుల మీదికే వచ్చింది. అంటే మంట ఛాయలకే రాని ఊళ్లో ఉన్నవాడి బిల్లు కూడా పెరిగింది.

రీఇన్సూరెన్స్ అన్నాను కదా. ఇన్సూరెన్స్ కంపెనీలు తమకి తాము చేయించుకునే ఇన్సూరెన్స్ అది. 1861లో స్విట్జర్లాండ్‌లో గ్లారస్ అనే ఊరు తగలబడితే అక్కడి కంపెనీలు ఆ నష్టం మోయలేకపోయాయి. ఆ అనుభవంతోనే రెండేళ్లకి స్విస్ రీ పుట్టింది. జర్మనీలో మ్యూనిక్ రీ, మన దేశంలో జీఐసీ రీ ఇదే పని చేస్తాయి. మీరు కట్టే కారు ప్రీమియంలోనూ, షాపు ప్రీమియంలోనూ కొంత వీళ్ల దాకా వెళుతుంది. 2022లో ఇయన్ తుఫాను ఫ్లోరిడాని ఊపేశాక, 2023 జనవరి ఒప్పందాల్లో ఈ రీఇన్సూరెన్స్ ధరలు ఒక్కసారిగా ఎగిరాయి. తర్వాత కొంత దిగొచ్చాయి లెండి. ఎక్కడో గాలివాన వస్తే మనకి రేటు మారడం వింతగా ఉంటుంది గానీ, ఈ వ్యాపారం మొదటినుంచీ అలాగే నడుస్తోంది. అక్కడివాళ్ల డబ్బు మన బుడమేరు లాంటివాటికీ రావచ్చు మరి.

ఇంతకీ మారుతున్నది ఏమిటంటే, లెక్క వేసే తీరు. ఒకప్పుడు ఊరంతా దాదాపు ఒకటే రేటు. కొండవారనున్న ఇల్లూ నడి ఊళ్లో ఇల్లూ ఒకే గాటన ఉండేవి. నలుగురి డబ్బుతో ఒకడి నష్టం పూడ్చడమన్నది అలా నడిచింది. ఇప్పుడు కంపెనీ దగ్గర వరద మ్యాపులున్నాయి, ఉపగ్రహం ఫొటోలున్నాయి, మీ కారు ఎంత దూరం తిరిగిందో చెప్పే యంత్రముంది. అమెరికాలో పైనుంచి తీసిన ఫొటోల్లో ఇంటి కప్పు పాతబడిందని, కప్పు మీద చెట్టు కొమ్మలు వాలాయని చూసి పాలసీ ఆపేస్తున్నారు. ఊరి లెక్క పోయి గడప లెక్క వచ్చింది. ఇది తప్పని నేననను. మెరక మీదున్నవాడు పల్లంలో ఉన్నవాడి ప్రీమియం ఎందుకు మోయాలి అంటే జవాబు చెప్పడం కష్టం. కానీ ఈ లెక్కని చివరిదాకా లాక్కుపోతే, అవసరం లేనివాడికి చవగ్గా, అవసరమున్నవాడికి అసలు దొరక్కుండా తయారవుతుంది. అందుకే ఐరోపా వాళ్లు 2024లో చేసిన ఏఐ చట్టంలో, జీవిత, ఆరోగ్య బీమాలో మనుషుల రిస్కు, ప్రీమియం తేల్చే కంప్యూటర్ లెక్కల్ని గట్టి నిఘా ఉండాల్సిన జాబితాలో పెట్టారు.

మీ బావమరిదికి నా మాటగా చెప్పండి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం రెన్యూ చేయకపోతే 75 రోజుల ముందు చెప్పాలి. ఉత్తరం మీద తేదీ చూసుకోమనండి. దగ్గర్లో మంటలొచ్చి ప్రభుత్వం ఎమర్జెన్సీ ప్రకటించి ఉంటే, ఆ పిన్‌కోడ్‌లోనూ ఆనుకుని ఉన్నవాటిలోనూ ఏడాదిపాటు పాలసీలు ఆపకూడదు. అతని పిన్‌కోడ్ అందులో ఉందేమో అక్కడి ఇన్సూరెన్స్ శాఖ సైట్లో తెలుస్తుంది. గోడ చుట్టూ ఐదడుగుల మేర ఎండుటాకులు, మొక్కలు, చెక్క కంచె లేకుండా చేసి, గాలి పోయే కన్నాలకి సన్న జాలీ కొట్టించి, ఫొటోలతో అప్పీలు చేయమనండి. ఇలాంటి పనులకి రాయితీ ఇవ్వాలని 2022 నుంచి అక్కడ రూలుంది. ఫెయిర్ ప్లాన్‌కి మాత్రం అన్ని తలుపులూ తట్టాకే వెళ్లాలి. అది ముఖ్యంగా మంటల కోసం, దొంగతనాలూ పైపు లీకులూ అందులో ఉండవు.

ఇక మన ఇంటికి వద్దాం.

అమ్మానాన్నల హెల్త్ పాలసీకి తుఫానులతో పెద్ద సంబంధం లేదు. ఆస్పత్రి బిల్లులు, వయసు, అంతే. ఈ బిల్లులు పెరగని దేశం లేదు. ఇక్కడ మీరు ఒక చిన్న లెక్క వేయాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీల మీద జీఎస్టీ లేదు. అంతకుముందు 18 శాతం ఉండేది. పోయినేడాది మార్చిలో మీరు 47,200 కట్టారనుకోండి. అందులో అసలు ప్రీమియం 40,000, మిగతా 7,200 పన్ను. ఈసారి 48,000 అడిగితే, ఎనిమిది వందలే కదా పెరిగింది అనిపిస్తుంది. నిజానికి అసలు మీద 20 శాతం పెంచారు. పన్ను తగ్గిన సందులో ప్రీమియం పెరగడమంటే ఇదే. అరవై దాటినవాళ్ల ప్రీమియం ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే తనతో సంప్రదించాలని, బీమా కంపెనీల మీద నిఘా పెట్టే ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో కంపెనీలకి చెప్పింది. పాత రసీదు, కొత్త నోటీసు పక్కపక్కన పెట్టుకుని అసలు మీద అసలు లెక్క వేయండి. పది దాటితే, ఏ ప్రాతిపదికన పెంచారో రాతపూర్వకంగా చెప్పమని మెయిల్ కొట్టండి. ఫోన్‌లో అడక్కండి, ఫోన్‌లో చెప్పినది ఎవరికీ గుర్తుండదు.

ఎంత కోపం వచ్చినా పాలసీ మాత్రం ఆపకండి. తొమ్మిదేళ్లు దండగ కాలేదు. ఐదేళ్లు తెగకుండా నడిచిన పాలసీలో, మోసం చేశారని నిరూపిస్తే తప్ప, ‘మీరు షుగరు దాచారు, బీపీ చెప్పలేదు’ అని క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదు. మీరు ఆ గీత ఎప్పుడో దాటేశారు. కొత్తది తీసుకుంటే, పాత జబ్బుల కోసం మూడేళ్ల వరకూ మళ్లీ ఎదురుచూడాల్సి రావచ్చు. పాత పాలసీని వేరే కంపెనీకి మార్చుకుంటే, అంటే పోర్ట్ చేసుకుంటే, పాత పాలసీ ఎంత మొత్తానికి ఉందో అంతవరకూ ఈ లాభం కూడా వస్తుంది. కానీ పోర్ట్ చేసేవాళ్లు నెలన్నర ముందే అడగాలి. మీకా టైం లేదు, కాబట్టి ఈ మార్చికి ఉన్నదే రెన్యూ చేయండి. వచ్చే జనవరి ఆఖర్లోనే ఆ పని పెట్టుకోండి. నాన్నగారికి డెబ్బై దాటితే, ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కార్డు మీద 5 లక్షల వైద్యం ఉంది. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. మీరు వెళ్లే ఆస్పత్రి జాబితాలో ఉందో లేదో మాత్రం ముందే అడిగి పెట్టుకోండి.

మరి అమ్మాయి చూపించిన యాప్? తను చూస్తున్న రేటు తన వయసుకి. ఆ రేటుకి తను తన పేరు మీద తీసుకుంటే మంచిదే, నేనైతే తీసుకోమనే చెబుతాను. దాన్ని చూపించి తాతయ్య పాలసీ తీసేయమనడం కుదరదు. గడప లెక్క అన్నాను చూడండి, దాని ఇంకో ముఖం ఇది. పడుచువాళ్లంతా విడిగా చవక పాలసీల్లోకి వెళ్లిపోతే, పాత పాలసీల్లో పెద్దవాళ్లే మిగిలి వాళ్ల రేటు ఇంకా పెరుగుతుంది.

యాప్‌ల గురించి ఇంకో ముక్క. ఇప్పుడు ఇన్సూరెన్స్‌ని ఇన్సూరెన్స్‌లా అమ్మడం తగ్గి, వేరే వస్తువులో కలిపి అమ్మడం పెరిగింది. ఫోను కొంటే స్క్రీన్‌కి, టికెట్ కొంటే ప్రయాణానికి. రైలు టికెట్‌తో 45 పైసలకి వచ్చే బీమా నాకు తెలిసి వీటన్నిటిలో మేలైన బేరం. ప్రమాదంలో మనిషి పోతే 10 లక్షలు. కానీ టికెట్ తీశాక నామినీ పేరు రాయమని ఫోన్‌కి లింకు వస్తుంది, దాన్ని తెరిచేవాళ్లెందరు? మీ ఇంట్లోనే అడిగి చూడండి. మనం పెట్టని టిక్కు ముందే పెట్టి ఉన్న బీమాలు మాత్రం తీసేయండి. అలా చెప్పకుండా బుట్టలో వేయకూడదని 2023లోనే కేంద్రం రూలు పెట్టింది, అయినా వేస్తూనే ఉన్నారు.

కంపెనీ మార్చడం ద్రోహమేమీ కాదు, ఆ మొహమాటం పెట్టుకోకండి. ఏళ్ల తరబడి అంటిపెట్టుకున్న పాతవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకుని కొత్తవాళ్లకి తగ్గించి ఇచ్చే అలవాటు బ్రిటన్‌లో బాగా ముదిరింది. ఇంటికీ కారుకీ అలా చేయకూడదని 2022 జనవరి నుంచి ఆపేశారు. మన దగ్గర అలాంటి కట్టడి లేదు. కాబట్టి కారుకి ఏటా నాలుగు చోట్ల రేటు అడగండి. క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, మీదే. కంపెనీ మారినా మీతోనే వస్తుంది. మీరు కారు తక్కువగా తీసేవారైతే, తిరిగిన కిలోమీటర్లని బట్టి ప్రీమియం కట్టే పద్ధతి కూడా అడగండి. 2022 నుంచి మన దేశంలో దానికి అనుమతి ఉంది. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని చెప్పి అంతకు మించి తిరిగితే ఏమవుతుందో రాసి ఉన్నది చదివాకే ఒప్పుకోండి.

కారు ఇంజిన్ గురించి మీరు ఒక్క సంగతి రాయలేదు. నీళ్లు తీశాక తాళం తిప్పారా?

ఇరవయ్యేళ్లకు పైగా ఇన్సూరెన్స్ క్లెయిముల్లో నష్టం లెక్కగట్టే సర్వేయర్‌గా నేను మొదట అడిగిన ప్రశ్న ఎప్పుడూ ఇదే. బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ తీస్తే తడిసిన అట్టముక్కలా చేతికొస్తుంది. ఆయిల్ పుల్ల లాగితే, నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీలా ఉంటుంది. అక్కడికి ఇంజిన్ ఇంకా బతికే ఉన్నట్టు. ఆయిల్ మార్చి, విప్పి ఆరబెడితే బాగుపడుతుంది. ‘ఒకసారి స్టార్ట్ అవుతుందేమో చూద్దాం’ అని తాళం తిప్పితే మాత్రం సిలిండర్లోకి చేరిన నీళ్లు నలగక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పుడు కంపెనీ ఇది వరద చేసిన నష్టం కాదు, మీరు తిప్పడం వల్ల వచ్చిందంటుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్, అంటే పాలసీకి అదనంగా కట్టి చేర్చుకునే రక్షణ, ఉన్నది ఇలాంటి వాటికే. తిప్పకుండా టోయింగ్ బండి మీద షెడ్డుకి పంపి ఉంటే మీ వాదనకి బలముంది. కంపెనీ కాదన్న తేదీ నుంచి ఏడాది లోపల అయితే బీమా ఫిర్యాదులు విని తేల్చే హైదరాబాద్‌లోని అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఏడాది దాటితే వినియోగదారుల కమిషన్, అక్కడ రెండేళ్ల గడువు. కాగితాలు తీసి తేదీ చూడండి. తాళం తిప్పి ఉంటే వదిలేసి, ఈసారి ఆ యాడ్-ఆన్ పెట్టించుకోండి. సింగ్‌నగర్‌లో ఉంటూ అది లేకుండా కారు పెట్టుకోకండి.

ఇప్పుడు షాపు.

ఈమధ్య ప్రపంచమంతా చెప్పుకుంటున్న ఇంకో పద్ధతి ఉంది. ఇంత వాన పడితే, ఇంత గాలి వీస్తే, నష్టం ఎంతో చూడకుండా డబ్బు వేసేయడం. 2025 అక్టోబరులో మెలిస్సా తుఫాను జమైకాని కొట్టినప్పుడు అలాంటి ఒప్పందం మీద ఆ దేశానికి 15 కోట్ల డాలర్లు వచ్చాయి. ఇది మనకి కొత్తేం కాదు. 2003లోనే మన పాలమూరులో వేరుశనగ, ఆముదం రైతులు రెండొందల పైచిలుకు మందికి వాన లెక్క మీద ఇలాంటి బీమా ఇచ్చి చూశారు. దేశంలో అదే మొదలు. సర్వేయర్ రాడు, తగువు లేదు, డబ్బు తొందరగా వస్తుంది. చిక్కల్లా ఒకటే. వాన కొలిచే గొట్టం ఒకచోట, పోయిన పంట ఇంకోచోట. మీకిది అందుకే సరిపడదు. సింగ్‌నగర్ మునిగింది సింగ్‌నగర్‌లో పడ్డ వానకే కాదు కదా, పైన కాలువకి గండ్లు పడి. మీ వీధిలో కొలిచే గొట్టానికి ఆ సంగతి తెలియదు.

మీకు కావలసింది మామూలు పాలసీయే. భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని అడగండి. 2021 నుంచి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ దీన్ని ఒకే మాదిరిగా ఇవ్వాలి. ఒక చోట 5 కోట్ల దాకా ఆస్తి ఉన్న షాపులకి. నిప్పు, తుఫాను, వరద అన్నీ అందులోనే ఉంటాయి, వరదకి వేరే కట్టక్కర్లేదు. పైన ఇంటికి భారత్ గృహ రక్ష. అందులో ఇంటి విలువలో 20 శాతం, 10 లక్షలు మించకుండా, సామానుకి తనంతట తానే వర్తిస్తుంది. కింద షాపు ఉందన్న సంగతి ఇంటి పాలసీ ఫారంలో దాచకండి.

ప్రీమియం తగ్గుతుందని స్టాకు విలువ తగ్గించి రాయకండి. పది లక్షల స్టాకు ఉన్నవారు ఐదు లక్షలకే చేయించి, నాలుగు లక్షల సరుకు తడిస్తే, నాలుగూ ఇస్తారనుకుంటారు. సగానికి చేయించారు కాబట్టి సగమే, రెండు లక్షలే వస్తాయి. ఈ సూక్ష్మ పాలసీలో 15 శాతం దాకా తేడా ఉంటే పట్టించుకోరు, అంతకు మించితే కోత. మీకు జూన్‌లో నోటుపుస్తకాల స్టాకు పేరుకుంటుంది, జనవరిలో అంత ఉండదు. జూన్ లెక్కనే రాయండి. ‘వరద జోను’ అని రేటు కొంచెం ఎక్కువ చెప్పినా చేయించుకోండి. ఎప్పటికీ ఇదే రేటుకి ఇస్తారన్న నమ్మకం నాకైతే లేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ రంగంలో నూటికి నూరు శాతం విదేశీ పెట్టుబడికి దారి తెరిచింది. వచ్చే కంపెనీలు తమ వరద మ్యాపులు కూడా వెంట తెచ్చుకుంటాయి.

2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు ఒక బట్టల కొట్టుకి వెళ్లాను. పాలసీ ఉంది, విలువ సరిగ్గానే రాశారు. బిల్లు పుస్తకాలు మాత్రం కింది అరలో ఉండి బట్టలతో పాటే తడిశాయి. యజమాని, ఆయన భార్య నేల మీద కూర్చుని ఒక్కో బిల్లునీ ఇస్త్రీపెట్టెతో ఆరబెడుతున్నారు. కొన్నిటి మీద సిరా మిగల్లేదు. ఆ బిల్లుల మేరకి నేను ఏమీ రాయలేకపోయాను. మీరు కొనుగోలు బిల్లులు నెలకోసారి ఫోన్‌లో ఫొటో తీసి అమ్మాయికి పంపండి. యాప్‌ల పిచ్చి ఉంది కదా, ఆ పని తనకి అప్పజెప్పండి. మెషీన్ల సీరియల్ నంబర్లు కూడా.

షాపు గోడ మీద నీటి మరక ఇంకా ఉండే ఉంటుంది. పండక్కి రంగు వేయిస్తే పోతుంది. ఈలోపే నేల నుంచి మరక దాకా టేపు పెట్టి, అంకె కనపడేలా ఫొటో తీసి పెట్టుకోండి. ఎన్ని అడుగుల నీళ్లొచ్చాయని పాలసీ ఇచ్చేవాడు అడుగుతాడు. కొత్త జిరాక్స్ మెషీన్‌కి దిమ్మ ఎంత ఎత్తు కట్టాలని మేస్త్రీ కూడా అడుగుతాడు.